శిక్షకులకు, బాల క్రీడాకారులకు మధ్య ఫోన్ సందేశాలు – పాటించవలసిన పద్ధతులు, చట్టపరమైన బాధ్యతలు

వరంగల్, హనుమకొండ జిల్లాలలో క్రీడా శిక్షణ పొందుతున్న బాలబాలికలకు, వారి శిక్షకులకు మధ్య సమాచారం నేడు అధిక భాగం సెల్‌ఫోన్ ద్వారానే సాగుతున్నది. మరుసటి దినం సాధన ఎన్ని గంటలకు మొదలవుతుందో, జిల్లా జట్టు ఎంపిక ఎక్కడ జరుగుతుందో, కాజీపేట జంక్షన్‌లో ఏ రైలుకు అందరూ చేరుకోవలెనో, ఎంట్రీ ఫారానికి ఏ ధ్రువపత్రం జతచేయవలెనో, అన్నీ వాట్సాప్ సందేశాలుగానే వెళుతున్నవి. దీనివలన శిక్షకుల పని తేలికైనది. దూర గ్రామాల పిల్లలకు అవకాశాలు సకాలంలో తెలుస్తున్నవి. అయితే జట్టులో స్థానం ఇచ్చే అధికారం గల పెద్దవారు, ఆ స్థానం కొరకు ఎదురుచూచే చిన్నవారు మూడవ మనిషి చూడని తెరపై ఒంటరిగా మాట్లాడుకొనే పరిస్థితి కూడా ఈ సౌకర్యంతోనే ఏర్పడినది.

శిక్షకుడు గాని, శిక్షకురాలు గాని 18 సంవత్సరాలు నిండని క్రీడాకారులకు పంపే ప్రతి సందేశమూ బాధ్యత గల మరొక పెద్దవారి దృష్టిలో ఉండవలెననుట ఈ విషయంలో మూల సూత్రం. తక్కిన జాగ్రత్తలన్నీ దీని నుండి వచ్చునవే. సూత్రం చిన్నదే అయినను, ఓరుగల్లు ప్రాంతపు గ్రామీణ కుటుంబాల స్థితిగతులలో దానిని అమలు పరచుట అంత సులభం కాదు. ఆ ఇబ్బందిని, దానికి గల మార్గాలను, చట్టం నిర్దేశించిన విధులను అధికారుల, పాత్రికేయుల ఉపయోగార్థం ఇక్కడ వివరించడమైనది.

ఊరి బడి నుండి స్టేడియం వరకు

హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం 2021 సెప్టెంబరు 15 నుండి 19 వరకు 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలకు వేదికైన సంగతి క్రీడాభిమానులకు విదితమే. మహిళల 1500 మీటర్ల పరుగును హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, 2002 నుండి నిలిచియున్న సునీతా రాణి జాతీయ రికార్డును అధిగమించినది ఈ ట్రాక్ మీదనే. అయితే ఉమ్మడి వరంగల్ జిల్లా క్రీడాబలం నగరంలో కన్న గ్రామాలలో ఎక్కువగా కనిపిస్తుంది. పర్వతగిరి మండలం కల్లెడ గ్రామమే ఇందుకు నిదర్శనం. ఆ ఊరి బాలిక వర్ధినేని ప్రణీత 18 ఏండ్లు నిండకముందే 2008 బీజింగ్ ఒలింపిక్స్ విలువిద్య పోటీలలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించినది. అదే ఊరికి చెందిన జీవంజి దీప్తి 2024 మే నెలలో జపాన్ దేశంలోని కోబె నగరంలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో 400 మీటర్ల టి-20 విభాగం పరుగును 55.07 సెకన్లలో పూర్తిచేసి, అప్పటి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచినది. అదే సంవత్సరం సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం సాధించినది.

ఇటువంటి విజయాల వెనుక ఊరి బడిలో ప్రతిభను గుర్తించిన వ్యాయామ ఉపాధ్యాయులు, తదుపరి దశలో నగరానికి తీసుకువచ్చి తీర్చిదిద్దిన శిక్షకులు ఉంటారు. పన్నెండు, పదమూడేండ్ల వయసులో ఇల్లు విడిచి వసతిగృహానికి వచ్చే పిల్లలకు శిక్షకులే తల్లిదండ్రుల స్థానంలో నిలుస్తారు. జ్వరం వచ్చినా, బూట్లు చిరిగినా, పరీక్షకు, పోటీకి ఒకే తేదీ వచ్చినా పిల్లలు ముందుగా చెప్పుకొనేది "సారు"కే. ఈ బంధం విలువైనది. దానిని అనుమానంతో చూచుట ఈ వ్యాస ఉద్దేశం కాదు. ఇంత నమ్మకం గల చోట పిల్లలు ఎదురు ప్రశ్నించరు కనుక, ప్రశ్నించవలసిన అవసరమే రాని విధంగా పద్ధతి ఉండవలెను.

ఒకప్పుడు సాధన వేళలు బడి నోటీసు బోర్డుపై ఉండేవి. ఇంటికి కబురు చేయవలసి వస్తే ఉత్తరమో, ఊరిలోని ఎస్.టి.డి. బూతుకు ఫోనో దిక్కు. ఏది పంపినా నలుగురి చేతుల మీదుగా వెళ్ళేది. కరోనా కాలంలో ఈ స్థితి పూర్తిగా మారిపోయినది. 2020లో పాఠశాలలు, మైదానాలు మూతపడినవి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమైనవి. ఇంటి వద్ద వ్యాయామం చేయించుటకు శిక్షకులు కూడా ఫోన్‌నే ఆశ్రయించిరి. మైదానాలు తెరచుకొన్నను, ఆ అలవాటు మాత్రం మిగిలిపోయినది.

ప్రమాదం ఎక్కడ మొదలగును

ఫోన్ ద్వారా పిల్లలను లోబరచుకొనే ప్రయత్నం బెదిరింపుతో మొదలుకావడం అరుదు. తొలుత పొగడ్త ఉంటుంది. తరువాత రీచార్జ్, బూట్లు వంటి చిన్న కానుకలు. పిదప జట్టు గ్రూపులో అందరితో సాగవలసిన మాట ఒక్కరితో ప్రత్యేక సందేశంగా మారుతుంది, పగలు సాగవలసినది రాత్రికి జరుగుతుంది. "ఇది మన ఇద్దరి మధ్యనే ఉండనీ" అన్న మాట ఏ రూపంలో వచ్చినా హెచ్చరికగా భావించవలెను. చదివిన కొంతసేపటికి తమంతట తామే మాయమయ్యే సందేశాల ఏర్పాటును పిల్లల సంభాషణలో ఉపయోగించుటకు సక్రమమైన కారణం ఏదీ కనిపించదు.

క్రీడలలో దీనికి తోడు మరొక చిక్కు కలదు. శరీరమే క్రీడాకారుని పనిముట్టు అయినందున శరీరం గురించిన ప్రశ్నలు సహజంగానే వస్తుంటాయి. కబడ్డీ, కుస్తీ వంటి క్రీడలలో బరువు పరిమితి ఉన్నది. బరువు తూచే యంత్రంపై నిలబడిన ఫోటో పంపమని అడుగుట కొందరికి మామూలు విషయంగా తోచవచ్చును. గాయమైన చోట ఫోటో, జిమ్నాస్టిక్స్ లేదా ఈత సాధన వీడియో, బాలికల నెలసరి తేదీలు ఇవన్నీ శిక్షణ పేరుతో అడుగదగినవిగానే కనిపిస్తాయి. ఏది అవసరం, ఏది హద్దు దాటినది అని పదమూడేండ్ల పిల్లలు నిర్ణయించుకోలేరు. బరువును మైదానంలో అందరి ఎదుట యంత్రంపై చూడవచ్చును. గాయాన్ని వైద్యునికి చూపవలెను. నెలసరి విషయం మహిళా శిక్షకురాలు లేదా మహిళా ఉపాధ్యాయిని నేరుగా మాట్లాడవలసినది. అది ఏ ఫోన్‌లోనూ నమోదు కానక్కర లేదు. సాంకేతిక లోపాలు చూపుటకు తీసే వీడియోలను సంస్థకు చెందిన ఫోన్‌లో తీసి, చూపిన పిదప తొలగించుట మేలు.

ఇక ఎంట్రీ పత్రాల సంగతి చాలామంది గమనించనిది. 14, 17, 19 సంవత్సరాలలోపు విభాగాల పోటీలకు జనన ధ్రువపత్రం, బోనఫైడ్, ఆధార్ ప్రతి, ఫోటో సమర్పించవలసి యుండును. ఒక్కొక్క శిక్షకుని ఫోన్‌లో ఏటా పదుల మంది పిల్లల ఆధార్ ప్రతులు, ఇంటి చిరునామాలు, తండ్రి ఫోన్ నంబర్లు పోగుపడుతున్నవి. ఆ ఫోన్ పోయినా, మరమ్మతుకు ఇచ్చినా ఆ వివరాలన్నీ బయటివారి చేతిలో పడే అవకాశమున్నది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పిల్లల వివరాల విషయంలో తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతిని కోరుతున్నది. పత్రాలను పాఠశాల కార్యాలయం ద్వారానే తీసుకొనుట ఇందుకు సులువైన పరిష్కారం.

చట్టం ఏమి చెప్పుచున్నది

లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం, అనగా పోక్సో చట్టం, 2012 నవంబరు 14 నుండి అమలులో ఉన్నది. 18 సంవత్సరాలు నిండని వారందరూ, బాలురైనా బాలికలైనా, దీని పరిధిలోకి వస్తారు. లైంగిక ఉద్దేశంతో బాలలను నేరుగా గాని, ఎలక్ట్రానిక్, డిజిటల్ సాధనాల ద్వారా గాని పదే పదే వెంబడించుట, గమనించుట, సంప్రదించుట 11వ సెక్షన్ ప్రకారం లైంగిక వేధింపు. 12వ సెక్షన్ దీనికి మూడేండ్ల వరకు జైలు, జరిమానా విధిస్తున్నది. అంటే చేయి తాకకపోయినను, సందేశాలతోనే నేరం పూర్తి కావచ్చును. నమ్మకం లేదా అధికారం గల స్థానంలో ఉన్నవారు దాడికి పాల్పడినపుడు చట్టం దానిని తీవ్ర నేరంగా పరిగణిస్తుంది. అశ్లీల చిత్రాల కొరకు బాలలను వాడుకొన్నవారికి 14వ సెక్షన్ కనీసం ఐదేండ్ల శిక్షను నిర్దేశించినది. 2009 అక్టోబరు 27 నుండి అమలులోనున్న సమాచార సాంకేతిక చట్టం 67-బి సెక్షన్, లైంగిక చర్య నిమిత్తం బాలలను ఆన్‌లైన్ సంబంధంలోకి ఆకర్షించుటను కూడా నేరంగా పేర్కొన్నది.

సంస్థల అధిపతులు ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలసినది 19వ సెక్షన్. నేరం జరిగినదని తెలిసినపుడే కాక, జరుగవచ్చునన్న భయం కలిగినపుడు కూడా ఎవరైనను ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గాని, స్థానిక పోలీసులకు గాని తెలుపవలసి యున్నది. సదుద్దేశంతో తెలిపినవారిపై ఎటువంటి చర్యా ఉండదు. తన క్రింది ఉద్యోగి చేసిన నేరాన్ని తెలుపని సంస్థాధిపతికి 21వ సెక్షన్ క్రింద ఏడాది వరకు జైలు, జరిమానా పడవచ్చును. "ముందు లోపల విచారించి చూద్దాము, అకాడమీ పేరు పోతుంది" అన్న ధోరణికి చట్టంలో తావు లేదు. అంతర్గత విచారణ జరుపుకొనవచ్చును గాని, అది పోలీసులకు తెలుపుటకు బదులు కాజాలదు.

2020 మార్చిలో వెలువడిన పోక్సో నియమావళి పిల్లలతో తరచు సంబంధం గల సంస్థలను పేర్కొనునపుడు పాఠశాలలతో పాటు క్రీడా అకాడమీలను పేరుతో ప్రస్తావించినది. సిబ్బంది అందరికీ నిర్ణీత కాలవ్యవధిలో పోలీసు తనిఖీ జరిపించవలెను. బాలల రక్షణ విధానాన్ని సంస్థ అమలు పరచవలెను. వేసవి శిబిరాలకు మాత్రమే వచ్చే తాత్కాలిక శిక్షకులు, గౌరవ శిక్షకులు, జట్టు మేనేజర్లు, ఫిజియోలు, వ్యాను డ్రైవర్లు ఈ తనిఖీ నుండి జారిపోవుచుండుట సాధారణం. నిన్నటి వరకు జట్టులో ఆడి నేడు చిన్నవారికి నేర్పుతున్న 19, 20 ఏండ్ల యువకులను ఎవరూ "సిబ్బంది"గా లెక్కించరు. పిల్లల ఫోన్ నంబర్లు ఎక్కువగా ఉండేది వారి వద్దనే.

ఇతర దేశాలలో పద్ధతి ఈ విధంగానే రూపుదిద్దుకొన్నది. అమెరికాలో జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడొకరు అనేక మంది బాలికలపై సాగించిన అకృత్యాలు బయటపడి, 2018 జనవరిలో శిక్ష పడిన పిదప, అదే ఏడాది ఫిబ్రవరిలో సేఫ్ స్పోర్ట్ చట్టం వచ్చినది. అక్కడ ఒలింపిక్ క్రీడా సంఘాల పరిధిలోని పెద్దలు బాల క్రీడాకారులకు పంపే సందేశాలు బహిరంగంగా ఉండవలెను. తల్లిదండ్రులకు గాని, మరొక పెద్దవారికి గాని ప్రతి చేరవలెను. ఇంగ్లండు, వేల్స్‌లలో 2022 జూన్ నుండి క్రీడా శిక్షకులను కూడా ఉపాధ్యాయుల వలె నమ్మకపు స్థానంలో ఉన్నవారిగా చట్టం గుర్తించినది. మన దేశంలో 2022 జూన్‌లో విదేశీ పర్యటనలో ఉన్న ఒక మహిళా సైక్లిస్టు తన శిక్షకునిపై చేసిన ఫిర్యాదు తరువాత, మహిళా క్రీడాకారులు గల జట్టు వెంట మహిళా శిక్షకురాలు తప్పనిసరిగా ఉండవలెనని భారత క్రీడా ప్రాధికార సంస్థ ఆదేశించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం సురక్షిత క్రీడా విధానానికి చోటు కల్పించినది. జాతీయ సంఘాల స్థాయిలో ఇది మంచి ఆరంభమే. మండల స్థాయి మైదానానికి అది చేరుటకు జిల్లాలోనే ఎవరో ఒకరు పూనుకొనవలసి యుండును.

మిరప కోతల కాలంలో సందేశం ఎవరు చదువుదురు

"తల్లిదండ్రులను గ్రూపులో చేర్చండి" అనుట విదేశీ నియమావళులలో ఒక వాక్యంతో ముగిసే విషయం. పర్వతగిరి, నర్సంపేట, వర్ధన్నపేట ప్రాంతాలలో అది అంత తేలికగా ముగియదు. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి, మిర్చి వెనుక ఉన్నవి ఈ పిల్లల తల్లిదండ్రుల చేతులే. మిరప ఏరే నెలలలో వారు పొద్దు పొడవకముందే చేనుకు వెళ్ళి చీకటి పడ్డాక ఇల్లు చేరుదురు. కొన్ని ఇండ్లలో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. అది బడికి వెళ్ళే పిల్లవాని చేతిలోనే ఉంటుంది. మరికొందరికి చదవడం రాదు. అటువంటి ఇంట తండ్రి నంబరును గ్రూపులో చేర్చినను, ఆ సందేశం చదివేది మరల ఆ పిల్లవాడే. పేరుకు ఇద్దరు, వాస్తవానికి ఒక్కరు. నియమం కాగితంపై పాటించినట్లే ఉండి, రక్షణ మాత్రం లేకపోవును.

కావున ప్రతి బాల క్రీడాకారునికీ తల్లిదండ్రుల సమ్మతితో "రెండవ పెద్దవారు" ఎవరో చేరిక సమయంలోనే వ్రాతపూర్వకంగా నిర్ణయించుట అవసరం. పాఠశాల ప్రధానోపాధ్యాయులు, మహిళా ఉపాధ్యాయిని, వసతిగృహ వార్డెన్, చదువుకొన్న పిన్ని లేదా మేనమామ, ఎవరైనను కావచ్చును. వారు ఆ శిక్షకుని క్రింద పనిచేయువారు కారాదు, 18 ఏండ్లు దాటినవారై ఉండవలెను, సందేశాలను నిజంగా చదివేవారై ఉండవలెను. చదవడం రాని తల్లిదండ్రులకు వారానికొకసారి సాయంత్రం ఫోన్ చేసి కార్యక్రమం చెప్పుట, గ్రూపులో వ్రాతతో పాటు గొంతుతో కూడా సందేశం పెట్టుట ఖర్చు లేని పనులు. మేధో వైకల్యం గల క్రీడాకారుల విషయంలో ఈ రెండవ పెద్దవారి పాత్ర 18 ఏండ్లు నిండినంత మాత్రాన ముగియరాదు. టి-20 వంటి విభాగాలలో రాణిస్తున్న పిల్లలు పెరుగుతున్న ఈ ప్రాంతంలో దీనిపై శ్రద్ధ మరింత అవసరం.

వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సంస్థలే తమ ఖాతాలకు కనీస వయసు 13 ఏండ్లుగా పెట్టినవి. అంతకన్న చిన్న పిల్లలను గ్రూపులో చేర్చుటకే వీలు లేదు. వారి తల్లిదండ్రుల నంబరు మాత్రమే ఉండవలెను. సాధారణ గ్రూపులో సభ్యులందరి నంబర్లు అందరికీ కనిపించును. ఒక బాలిక నంబరు ఈ విధంగా ఎదుటి జట్టు సీనియర్ల వరకు చేరుట కష్టమేమీ కాదు. బాలికల గ్రూపు వేరుగా ఉండి, అందులో మహిళా ఉపాధ్యాయిని నిర్వాహకురాలిగా ఉండుట, నిర్వాహకులు మాత్రమే సందేశాలు పంపగల ఏర్పాటు చేసుకొనుట మంచిది. సందేశం పనికి సంబంధించినదై క్లుప్తంగా ఉండవలెను. "రేపు ఉదయం 5.30 గంటలకు ట్రాక్ వద్ద హాజరు కావలెను, స్పైక్స్ తెచ్చుకొనవలెను" అన్నంత చాలును.

పిల్లలే రాత్రివేళ శిక్షకునికి ప్రత్యేకంగా సందేశం పంపిన సందర్భాలూ ఉంటాయి. దానిని చూడనట్లు వదిలివేయుట సరికాదు. ఆ పిల్లవాడు ఇంట్లో ఏదో కష్టంలో ఉండి ఉండవచ్చును. రెండవ పెద్దవారిని చేర్చి సమాధానం ఇచ్చినచో పిల్లవానికి సాయమూ అందును, శిక్షకునికి మచ్చా రాదు. ప్రయాణాలలో, ప్రమాదాలలో నేరుగా ఫోన్ చేయక తప్పదు. అటువంటపుడు పిదప ఒక వాక్యం గ్రూపులో వ్రాసిన సరిపోవును. నిజాయితీగా పనిచేసే శిక్షకులకు ఈ పద్ధతి భారమని కొందరు వాదిస్తారు. ఎవరైనా నింద మోపిన నాడు శిక్షకుని పక్షాన నిలిచేది అందరికీ కనిపించిన ఆ సందేశాల పట్టికే.

ఫిర్యాదు వచ్చినపుడు

బాలల సహాయవాణి 1098, అత్యవసర సేవలు 112, సైబర్ నేరాల సహాయవాణి 1930 నంబర్లలో దేనికైనను ఫోన్ చేయవచ్చును. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు ప్రత్యేక విభాగమున్నది. షీ టీమ్స్, జిల్లా బాలల పరిరక్షణ విభాగం, బాలల సంక్షేమ సమితి కూడా సహాయపడును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినను ఏ పోలీస్ స్టేషన్‌లోనైనను ఫిర్యాదు ఇవ్వవచ్చును. ఇతర జిల్లాలో జరిగిన టోర్నమెంటులో ఏదైనా జరిగి, పిల్లలు వరంగల్ చేరిన తరువాత చెప్పినను అడ్డంకి ఉండదు. పోక్సో చట్టం ప్రకారం బాలల వాంగ్మూలాన్ని వారి ఇంటి వద్ద లేదా వారు కోరిన చోట, సాధ్యమైనంతవరకు మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయవలెను. ఈ సంగతి తెలియక స్టేషన్‌కు వెళ్ళుటకు జంకే తల్లిదండ్రులు పెక్కుమంది.

ఫోన్‌లోని సందేశాలను కోపంతోనో, సిగ్గుతోనో చెరిపివేయరాదు. అవే సాక్ష్యం. అభ్యంతరకరమైన చిత్రం ఏదైనా ఉన్నచో దానిని బంధువులకు, సంఘ పెద్దలకు, విలేకరులకు పంపరాదు. అట్లు పంపుటయే వేరొక నేరమగును. ఫోన్‌ను ఉన్నది ఉన్నట్లుగా పోలీసులకు అప్పగించవలెను.

పాత్రికేయులకు ఈ చట్టంలో రెండు విధులు కలవు. బాలలపై లైంగిక దోపిడీని చూపే సామగ్రి వృత్తిరీత్యా తమ కంట పడినచో 20వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలుపవలెను. 23వ సెక్షన్ ప్రకారం బాలల పేరు, చిరునామా, ఫోటో, కుటుంబ వివరాలు, పాఠశాల, పరిసరాలు, గుర్తింపుకు దారితీసే మరే వివరమైనను ప్రచురించరాదు. ఉల్లంఘించినచో ఆరు నెలల నుండి ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని విధించబడును. ప్రచురణకర్త, యజమాని కూడా బాధ్యులగుదురు. క్రీడా వార్తలలో ఇది మరింత సున్నితమైనది. పేరు వ్రాయక "ఇటీవల రాష్ట్రస్థాయి పోటీలలో లాంగ్ జంప్‌లో పతకం గెలిచిన ఫలానా మండలపు బాలిక" అని వ్రాసినను ఊరంతటికీ తెలిసిపోవును. పతకం, క్రీడ, మండలం మూడింటిలో రెండు చాలును ఎవరో పోల్చుటకు. సందేశాల స్క్రీన్‌షాట్ ప్రచురించుట కూడా అట్టిదే. ఇటువంటి చిత్రాలకు "చైల్డ్ పోర్నోగ్రఫీ" అన్న మాటకు బదులు బాలలపై లైంగిక దోపిడీ, అకృత్యాలకు సంబంధించిన సామగ్రి అని వ్యవహరించవలెనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న ఇచ్చిన తీర్పులో సూచించినది.

వేసవి శిబిరాల చేరిక ఫారంలో ప్రస్తుతం సాధారణంగా పేరు, పుట్టిన తేదీ, పాఠశాల, తండ్రి నంబరు అడుగుచున్నారు. రెండవ పెద్దవారి పేరు, వారి ఫోన్ నంబరు, శిక్షణ సందేశాలు వచ్చే వేళలు, ఫిర్యాదు ఎవరికి చేయవలెనన్న సమాచారం, ఈ నాలుగు గడులు అదే ఫారంలో చేర్చి, దాని ప్రతిని తెలుగులో ముద్రించి తల్లిదండ్రులకు చదివి వినిపించి ఇచ్చుటకు జిల్లా యువజన, క్రీడల శాఖ అధికారులు, పాఠశాలల ప్రధానోపాధ్యాయులు, ప్రైవేటు అకాడమీల నిర్వాహకులు ఏ ఉత్తర్వు కొరకూ వేచియుండనక్కర లేదు.